చీపురు పట్టిన చేతులే ఇంటికి రక్ష

మీలో ఎంతమంది పెంకుటింట్లో పుట్టి, ఇప్పుడు ఫ్లాటులో కాపురం చేస్తున్నారు? చెయ్యెత్తమంటే సగం మందికి పైగా ఎత్తుతారని నాకు తెలుసు. నేనూ మీలో ఒకదాన్నే. మా పుట్టిల్లు కోనసీమలో ఒక మండువా లోగిలి. ఇప్పుడు నేనుంటున్నది అహ్మదాబాదులో, సబర్మతికి పడమటి వైపు, ఏడో అంతస్తులో. మావారికి బదిలీ అయి నాలుగేళ్ళ కిందట ఇక్కడికి వచ్చాం.

వచ్చిన కొత్తలో నాకు ఈ ఊరంటే పెద్ద పెద్ద రోడ్లు, బట్టల దుకాణాలు, బెల్లం వేసిన పప్పు. అంతే! ఏరు దాటి తూర్పు గట్టుకి వెళితే అసలు ఊరు అక్కడుందని తెలియడానికి ఏడాది పట్టింది. అది పాత నగరం. 1411లో సుల్తాన్ అహ్మద్ షా పునాది వేసిన ఊరు. 2017లో యునెస్కో వాళ్ళు దాన్ని ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించారు. మన దేశంలో ఆ గుర్తింపు వచ్చిన మొట్టమొదటి నగరం ఇదేనట.

మసీదులు, గుళ్ళు, కోట గుమ్మాలు చాలా ఉన్నాయి. వాటి గురించి మీరు పుస్తకాల్లో చదువుకోవచ్చు. నేను చెప్పబోయేది ఒక ఇంటి గురించి. ఆ ఇంట్లో రోజూ పొయ్యి వెలిగించే ఒక పెద్దావిడ గురించి. ఆ ఇంటి మూలంగా నాకు గుర్తొచ్చిన నా తప్పు గురించి కూడా.

గుమ్మం ఉన్న వీధి

మా పక్క ఫ్లాటు ఆవిడ పుట్టిల్లు పాత నగరంలో, మానెక్ చౌక్ దగ్గర. మానెక్ చౌక్ అంటే పగలంతా బంగారు నగల బజారు, రాత్రయితే తినుబండారాల బజారు. ఆ చుట్టుపక్కలంతా ఒకప్పుడు నగల వర్తకులు, బట్టల వర్తకులు, వడ్డీ వ్యాపారులు ఉన్న పేటలు. కిందటేడు సంక్రాంతికి ఆవిడ, "పండగ పూట ఒక్కర్తివీ ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు? మా అమ్మ దగ్గరికి పోదాం రా" అని లాక్కెళ్ళింది. ఇక్కడ మన సంక్రాంతిని ఉత్తరాయణం అంటారు. ఊరు ఊరంతా మేడలెక్కి గాలిపటాలు ఎగరేస్తుంది.

ఆటో పెద్ద వీధిలోనే ఆగిపోయింది. అక్కడి నుంచి నడకే. ఒక చెక్క గుమ్మం, దాని మీద చిన్న గది. ఆ గుమ్మం దాటితే సన్నటి సందు, సందుకి రెండు వైపులా గోడా గోడా కలిసిపోయిన ఇళ్ళు. దీన్ని 'పోల్' అంటారు. ఇలాంటివి పాత నగరంలో వందల కొద్దీ ఉన్నాయి. ఒకప్పుడు రాత్రయితే పోల్ గుమ్మం మూసేసేవారు. మీద గదిలో కాపలా మనిషి ఉండేవాడు. దొంగల భయం, అల్లర్ల భయం ఉన్న రోజుల్లో ఆడవాళ్ళు, పిల్లలు అర్ధరాత్రి కూడా ధైర్యంగా ఉండగలిగేవారన్నమాట.

సందు మధ్యలో ఒక స్తంభం, దాని మీద చిన్న గోపురంలాంటి చెక్క గూడు. 'ఏ దేవుడిది?' అని దణ్ణం పెట్టబోయాను. పక్కింటావిడ పకపకా నవ్వింది. అది దేవుడిది కాదు, పక్షులది! చబూత్రో అంటారు. ఇళ్ళు ఇంత ఇరుకుగా ఉంటే చెట్లకి చోటెక్కడిది? అందుకని పక్షుల కోసం అంత ఎత్తున గింజలు పెట్టేవారు. ఇప్పటికీ పెడుతున్నారు.

ఇంట్లోకి రండి

పక్కింటావిడ వాళ్ళమ్మని అందరూ 'బా' అంటారు. గుజరాతీలో బా అంటే అమ్మ. డెబ్భై ఎనిమిదేళ్ళు. తెల్ల చీర, చేతిలో చీపురు. పండగ రోజు కూడా ఆ చీపురు వదల్లేదావిడ.

ఇంటి ముందు 'ఓట్లో'. చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. అచ్చం మన అరుగు! దాటి లోపలికి వెళితే చిన్న నడవ, ఆ తర్వాత నడిమధ్యన ఆకాశం కనిపించే ముంగిలి. దాన్ని 'చౌక్' అంటారు. మన మండువా లాంటిదే. కాకపోతే మన మండువాకి నాలుగు వైపుల నుంచి పెంకుల చూరు వాలుతుంది. ఇక్కడ నాలుగు వైపులా మూడంతస్తుల చెక్క వరండాలు లేస్తాయి. చౌక్ పక్కనే వంటిల్లు, మంచినీళ్ళ బిందెలకి ప్రత్యేకంగా కట్టిన గట్టు. ఆ గట్టు పేరు పాణియారు. సాయంత్రం దేవుడి దగ్గర పెట్టినట్టే నీళ్ళ గట్టు మీదా దీపం పెట్టింది బా.

ఆ నీళ్ళ కథ విని తీరాలి. చౌక్ కింద నేలలో గదంత తొట్టి ఉంది. పేరు టాంకా. మేడ మీద పడిన వాన నీళ్ళు గొట్టం గుండా అందులోకి దిగుతాయి. తొలకరి వానలు మాత్రం లోపలికి రానివ్వరు. మేడ మీది దుమ్మూ పక్షుల రెట్టా కడుక్కుపోయేదాకా ఆ నీళ్ళు బయటికి వదిలేస్తారు. తర్వాతి వానల నీళ్ళే పడతారు. లోపల సున్నపు పూత, వెలుతురు సోకని చీకటి. వెలుతురు లేనిచోట పాచి పెరగదు కదా! ఏడాది పొడుగునా తాగడానికి, వంటకి ఆ నీళ్ళే వాడేవారట. "ఆ నీళ్ళతో కందిపప్పు ఎంత మెత్తగా ఉడుకుతుందో చూడు బేటా" అంది బా. నిజమే. వాన నీళ్ళు మెత్తని నీళ్ళు. బోరు నీళ్ళలో ఉడకని పప్పుతో రోజూ కుస్తీ పట్టే మనకి ఆ మాట విలువ తెలుసు.

ఇక ఇల్లు. మొత్తం టేకు! రాతి దిమ్మల మీద నిలబెట్టిన టేకు స్తంభాలు. నేల చెమ్మ కలపకి ఎక్కకుండా ఆ రాతి దిమ్మ అడ్డం. స్తంభాల మీద దూలాలు, దూలాల మీద అడ్డ కర్రలు, వాటి మీద పలకల నేల. వీధి వైపు వరండాని మోసే చెక్క బ్రాకెట్ల మీద చిలకలు, తామరలు, లతలు. గోడలు ఇటుకవే, కానీ ఇటుకల వరసల మధ్య అక్కడక్కడా అడ్డంగా కర్రలు పెట్టి కట్టారు. అంటే బరువు మోసేది కలప ఎముకల గూడు, ఇటుక మధ్యలో కండలాంటిదన్నమాట. బట్టల వ్యాపారం బాగా సాగిన రోజుల్లో బా మామగారి తాతగారు కట్టించారట.

మెట్లు మాత్రం నిచ్చెనే! నిట్టనిలువుగా ఉన్నాయి. పైనుంచి తాడు వేలాడేశారు, పట్టుకుని ఎక్కాలి. నా మోకాళ్ళు ఆ రోజు రాత్రి నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాయి.

భూకంపం వచ్చిన రోజు

మేడ మీద ఉంధియూ, జిలేబీ తింటూ కూర్చున్నప్పుడు బా 2001 సంగతి చెప్పింది. ఆ ఏడాది జనవరి 26 పొద్దున్న తొమ్మిది కాకముందే కచ్ లో పెద్ద భూకంపం వచ్చింది. అహ్మదాబాదు అక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైన దూరం. అయినా ఇక్కడ కొత్తగా కట్టిన అపార్టుమెంట్లు పదుల సంఖ్యలో కూలిపోయాయి. ఒక్క ఈ ఊళ్ళోనే ఏడు వందల మందికి పైగా పోయారు.

"మేం ఢిల్లీ పెరేడ్ చూద్దామని టీవీ ముందు కూర్చున్నాం. ఇత్తడి గిన్నెలన్నీ అటక మీంచి పడ్డాయి. ఇల్లంతా పడవలా కిర్రు కిర్రుమంది. ఇంక అయిపోయాం అనుకున్నాను" అంది బా. గోడల మీద పూత రాలింది. వెనక గోడ బీటలిచ్చింది. కానీ గూడు కదల్లేదు. పాత నగరంలో చాలా చెక్క ఇళ్ళు అలాగే నిలబడ్డాయి.

ఎందుకు నిలబడ్డాయి? బా చెప్పిందీ, తర్వాత మావారు విడమరిచి చెప్పిందీ కలిపి నాకర్థమైనంత చెబుతాను. ఒట్టి ఇటుక గోడని ఊపితే పగిలి విడిపోతుంది. మధ్యలో కర్రలు కట్టి ఉంటే, పగులు ఒకచోట మొదలైనా గోడంతా పాకకుండా కర్ర ఆపుతుంది. కలప కొంచెం వంగుతుంది, అతుకుల దగ్గర కొంచెం జరుగుతుంది. ఆ జరగడంలోనే కుదుపు బలం చచ్చిపోతుంది. పైగా ఇళ్ళన్నీ భుజం భుజం ఆనించుకుని ఉన్నాయి, ఒకదానికొకటి ఆసరా. అలాగని చెక్క ఇల్లయితే చాలు అనుకోకండి. దూలాలు పుచ్చిపోయి, ఎవరూ పట్టించుకోని పాత ఇళ్ళు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. ఇల్లు పాతదా కొత్తదా అన్నది కాదు, దాన్ని చూసుకునే మనిషి ఉన్నారా లేదా అన్నదే ముఖ్యం.

కాగితం కాపాడుతుందా?

ఈ ఇల్లు నగరపాలక సంస్థ వారసత్వ జాబితాలో ఉంది. ఇలా జాబితాకెక్కిన ఇళ్ళు పాత నగరంలో రెండు వేలకు పైగా ఉన్నాయి. వాటిని ఇష్టం వచ్చినట్టు పడగొట్టకూడదు. పెద్ద మార్పులేవైనా చెయ్యాలంటే వారసత్వ కమిటీ అనుమతి తీసుకోవాలి. దానికి బదులుగా ఒక సదుపాయం ఉంది. ఆ స్థలంలో కట్టుకోలేకపోయిన అంతస్తుల హక్కుని ఊళ్ళో వేరేచోట కట్టేవాళ్ళకి అమ్ముకోవచ్చు. మన వైపు రోడ్ల వెడల్పులో స్థలం పోయినవాళ్ళకి టీడీఆర్ అని ఇస్తారే, అలాంటిదే. 1997 నుంచి నగరపాలక సంస్థ వాళ్ళు ఈ సందుల్లో 'హెరిటేజ్ వాక్' నడుపుతున్నారు. కాలూపూర్ స్వామినారాయణ మందిరం దగ్గర పొద్దున్నే మొదలై జామా మసీదు దగ్గర ముగుస్తుంది. మీరు ఎప్పుడైనా ఈ ఊరు వస్తే తప్పక నడవండి.

ఇన్ని ఉన్నా ఇళ్ళు పోతూనే ఉన్నాయి. కొన్ని ఇళ్ళలో వెనకటి అద్దె చట్టం రోజుల నుంచీ అద్దెకున్నవాళ్ళు ఇచ్చేది ఎంతో తక్కువ. ఆ డబ్బుతో యజమాని ఏం బాగుచేయిస్తాడు? అన్నదమ్ములు పదిమందైతే వాటాలు కుదరవు. తాళం పడుతుంది. తాళం పడిన ఇంటి బ్రాకెట్లు ఒక్కొక్కటే మాయమై పాత సామాన్ల దుకాణాల్లో తేలతాయి. లేదంటే సరుకు నిలవచేసే గోడౌను అయిపోతుంది. మనుషులుండాల్సిన చోట అట్టపెట్టెలు! అట్టపెట్టెలు చూరు కారితే చెప్పవు కదా?

"కాగితం ఇంటిని పడగొట్టకుండా ఆపుతుంది బేటా. పడిపోకుండా ఆపేది ఇదే" అని బా చీపురు చూపించింది.

అసలు శత్రువు నీళ్ళు

ఆవిడ అన్నది నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత నాలుగైదు సార్లు వెళ్ళాక అర్థమైంది. వానాకాలం ముందు మేడ మీద నీళ్ళు పోయే తూములు ఊడ్చేది ఆవిడే. చెక్క గుమ్మాల మూలల్లో దుమ్ము నిలవనివ్వదు. దుమ్ము నిలిస్తే చెమ్మ నిలుస్తుంది, చెమ్మ నిలిస్తే చెదలు వస్తాయి. రోజూ ఊడ్చే మనిషి కంటికి కొత్త మరక, కొత్త పొడి, కొత్త బీట ఆ పూటే కనబడుతుంది. ఏటా దీపావళికి ముందు స్తంభాలకీ తలుపులకీ అవిసె నూనె పూయిస్తుంది.

ఇంత చూసుకునే ఇంట్లో కూడా ఓ పొరపాటు జరిగింది. ఇరవై ఏళ్ళ కిందట రెండో అంతస్తులో పలకల నేల మీద సిమెంటు పోసి, టైల్స్ వేసి స్నానాలగది కట్టించుకున్నారు. కింద గోడ చెమ్మ పడుతోందని దానికి సిమెంటు పూత పూయించారు. సున్నపు పూతకి గాలి ఆడుతుంది, లోపలి తడి ఆరిపోతుంది. సిమెంటు పూత లోపలి తడిని లోపలే మూసి పెడుతుంది. బయటికి గోడ నున్నగా, శుభ్రంగా కనిపించింది. లోపల దూలం కొస మెత్తగా నానింది. కిందటేడు వానల్లో ఆ గది ఒక పక్కకి రెండంగుళాలు దిగింది.

అక్కడ మొదలైంది గొడవ. పెద్దకొడుకు, "ఇంక చాలు, గోడౌనుకి ఇచ్చేద్దాం. పక్క పోల్ లో అందరూ ఇచ్చేశారు. నువ్వు నాతో వచ్చి మా ఫ్లాటులో ఉండు. లిఫ్టు ఉంది" అన్నాడు. అతన్ని తప్పు పట్టడానికేమీ లేదు. తల్లి ఆ నిచ్చెన మెట్లు ఎక్కుతూ దిగుతూ ఎక్కడ పడుతుందోనని అతని భయం. చిన్నకొడుకు పెదవి విప్పడు. ఇల్లు బా పేరున ఉంది. సంతకం ఆవిడది కావాలి.

చిన్నకోడలి మాట

అందరూ బా ఏమంటుందోనని చూస్తుంటే, బా చిన్నకోడలిని పిలిచి అడిగింది, "నువ్వేమంటావు? నా తర్వాత ఈ ఇల్లు ఊడవాల్సింది నువ్వు."

ఈ మాట నాకు పక్కింటావిడ చెప్పినప్పుడు నేను చేస్తున్న పని ఆపేశాను. మన ఇళ్ళలో ఇల్లు అమ్మే మాట వచ్చినప్పుడు కోడలిని ఎవరైనా అడిగారా?

ఆ కోడలు కూడా గట్టిదే. మొహమాటపడలేదు. "బా, మీకు ఈ ఇల్లంటే ప్రాణం. నాకు నడుం నొప్పి. పై అంతస్తులో పిల్లవాడికి జ్వరం వస్తే రాత్రి నాలుగు సార్లు ఆ తాడు పట్టుకుని దిగాలి. గ్యాసు సిలిండరు పెద్ద వీధి నుంచి మోసుకురావాలి. బట్టలారేసుకుంటుంటే హెరిటేజ్ అంటూ వచ్చినవాళ్ళు నన్ను కూడా ఫోటో తీస్తారు. ఇవన్నీ ఒప్పుకుంటే నేనుంటాను. బాత్రూము కింద చౌక్ పక్కన కట్టించండి. మెట్లకి రెండు వైపులా కర్ర కడ్డీ పెట్టించండి. అప్పుడు ఉంటాను, మనస్ఫూర్తిగా ఉంటాను" అంది.

చూశారా, ఎంత న్యాయమైన మాట! పాత ఇళ్ళని మెచ్చుకునేవాళ్ళు సాయంత్రానికి లిఫ్టున్న ఇంటికి వెళ్ళిపోతారు. అందులో బతికేవాళ్ళకి సుఖం లేకపోతే ఆ ఇల్లు నిలవదు.

అలాగే చేశారు. అనుమతికి నాలుగు నెలలు పట్టింది. పై స్నానాలగది తీసేశారు. ఆ గోడకి సిమెంటు గీకేసి మళ్ళీ సున్నం పూశారు. ఒక ముసలి వడ్రంగి వచ్చాడు. దూలమంతా మార్చాలంటాడేమో అని అందరూ భయపడ్డారు. అతను మేకుతో గుచ్చి గుచ్చి చూసి, పుచ్చినంత మేరకే కోసి, పాత టేకు ముక్కని ఏటవాలుగా అతికించి చెక్క మేకులు దిగ్గొట్టాడు. కోతకి ముందు కింద ఆసరా కర్రలు నిలబెట్టాడు. నాలుగు రోజుల పని. నేనూ వెళ్ళి చూశాను. చినిగిన పట్టుచీరకి అంచు మార్చినట్టుంది.

అయితే కథ సుఖాంతం అనుకోకండి. పెద్దకొడుకు ఇంకా ఒప్పుకోలేదు. పై మరమ్మతులకి డబ్బు చాల్లేదు. బా తర్వాత ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఇప్పటికైతే చీపురు చిన్నకోడలి చేతికి వచ్చింది.

నా సంతకం

ఆ వడ్రంగి పని చూస్తున్న రోజునే చౌక్ పక్క స్తంభం మీద నా చెయ్యి పడింది. నడుం ఎత్తున నున్నటి గాడి. "ఇదేమిటి బా?" అంటే, "మా అత్తగారు మజ్జిగ చిలికిన తాడు రాపిడి" అంది.

నా కళ్ళు తిరిగినంత పనైంది. మా పుట్టింట్లో మండువా పక్క స్తంభానికి సరిగ్గా అలాంటి గాడే ఉండేది. మా నాయనమ్మ కవ్వపు తాడు గాడి! చిన్నప్పుడు అందులో వేలు పెట్టి ఆడుకునేదాన్ని. వాన వస్తే చూరు నీళ్ళు మండువాలో నాలుగు మూలలా పడుతుంటే గంగాళాలు పెట్టేవాళ్ళం.

2008లో ఆ ఇల్లు అమ్మేశారు. అన్నయ్య ఫోను చేసి, "సంతకానికి ఒక్కసారి రా" అన్నాడు. వెళ్ళాను. కాఫీ తాగాను. ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాను. ఎవరికి అమ్ముతున్నారనీ, ఏం చేస్తారనీ అడగలేదు. మా అమ్మ పెరట్లో కూర్చుని ఆ రోజంతా కొబ్బరాకు ఈనెలు చీరుతూనే ఉంది. ఆవిడనీ ఎవరూ అడగలేదు. నా వాటా డబ్బుతో ఫ్రిజ్జు కొన్నాను, కొంత పాప పేర బ్యాంకులో వేశాను. నిజం చెప్పొద్దూ, సంతోషంగానే ఉన్నాను.

కొన్నవాడికి స్థలం కావాలి, ఇల్లు కాదు. కలప వ్యాపారికి కట్టిపెట్టేశాడు. నాలుగు రోజుల్లో విప్పేశారట. ఆ గాడి పడిన స్తంభం ఎక్కడుందో, ఏ కోత మిల్లులో పలకలైందో!

అమ్మడం తప్పని నేననను. అన్నయ్యకి అప్పులున్నాయి, ఇల్లు కారుతోంది. నా తప్పు ఏమిటంటే అడగకపోవడం. ఒక్క మాట అడిగి ఉంటే ఆ స్తంభమైనా, గడపైనా మిగిలేదేమో. పైగా అడిగే హక్కు నాకుంది! మన ఆంధ్రప్రదేశ్ లో 1980లలోనే చట్టం మార్చి పెళ్ళికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఇచ్చారు. 2005లో దేశమంతటా ఆడపిల్లలకి ఆ హక్కు వచ్చింది. మన సంతకం ఊరికే అడగరు. అది అవసరం కాబట్టే అడుగుతారు. కాఫీ తాగేసి సంతకం పెట్టడానికి కాదు ఆ హక్కు.

ఈ ఊళ్ళో ఇంకో ఆడదాని సంగతి బా చెప్పింది. ఢిల్లీ దర్వాజా బయట తెల్లని పాలరాతి జైన మందిరం ఉంది. హఠీసింగ్ అనే వర్తకుడు మొదలుపెట్టి, 1845లో పోయాడు. అతని భార్య హర్కుంవర్ శేఠాణీ పని ఆపలేదు. తానే దగ్గరుండి నడిపించి 1848లో పూర్తి చేయించింది. పాత నగరంలో ఆవిడ చెక్క హవేలీ ఇప్పటికీ ఉంది. "అంత గుడి కట్టించగలిగినావిడ మన ఆడదే. మనం ఒక దూలం బాగుచేయించలేమా?" అంటుంది బా.

కిందటి నెల మా అమ్మకి ఫోను చేశాను. "అమ్మా, మన పాత ఇంటి గదులు వరసగా చెప్పు" అన్నాను. మొదట "ఇప్పుడెందుకే" అంది. తర్వాత గంటన్నర చెప్పింది. ధాన్యం గాదె ఎక్కడ, పురిటి గది ఏది, ఏ దూలానికి ఉయ్యాల కట్టారు, ఏ స్తంభం దగ్గర నాయనమ్మ కవ్వం. పాప నోటుపుస్తకంలో గీసుకున్నాను. ఇల్లు లేదు, కాగితం మీద గీతలున్నాయి. ఫోను పెట్టేసేముందు అమ్మ అంది, "ఆ రోజు నువ్వైనా వద్దంటావేమోనని చూశానే."

పదహారేళ్ళకు పైగా ఆ మాట ఆవిడ లోపలే ఉంది.

మీ ఊళ్ళో మీ పెంకుటిల్లు ఇంకా నిలబడి ఉంటే, ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు ఒకసారి స్తంభాల మీద చెయ్యి వేసి చూడండి. సంతకం అడిగినప్పుడు, పెట్టినా పెట్టకపోయినా, ముందు ఒక మాట అడగండి. మీ అమ్మని కూడా అడగండి. ఏమంటారు?

మీ ఇంట్లో పాత కలప ఉంటే...

* గోడ మీద, గుమ్మం మీద సన్నటి మట్టి దారులు కనిపిస్తే చెదలు పట్టినట్టే. దులిపేసి ఊరుకోకండి. నేలలోంచి ఎక్కడ ఎక్కుతున్నాయో చూసి చెదల మందు కొట్టించండి.

* దూలాన్ని, స్తంభాన్ని వేలి ముడులతో తట్టి చూడండి. గట్టి కలప గట్టిగా పలుకుతుంది. డొల్ల మోత వస్తే అనుమానించండి. గోడలో దిగిన కొసలనే ముందు చూడాలి. చెమ్మ అక్కడే పడుతుంది.

* చిన్న చిన్న కన్నాలు, కింద మెత్తటి పొడి కనిపిస్తే పుచ్చు పురుగు. ఊడ్చేసి, రెండు రోజులాగి మళ్ళీ చూడండి. మళ్ళీ పొడి రాలితే పురుగు లోపల బతికి ఉన్నట్టే.

* కారుతున్న పెంకు ఒక్కటైనా సరే వాన ముందే మార్పించండి. ఒక్క పెంకు ఖర్చు చూసుకుంటే దూలం ఖర్చు మీద పడుతుంది.

* సున్నపు గోడకి చెమ్మ పడితే సిమెంటు పూయించకండి. నీరు ఎక్కడి నుంచి వస్తోందో ముందు దాన్ని ఆపండి.

* అవిసె నూనె పూసిన గుడ్డలు ఉండచుట్టి మూల పడెయ్యకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. బయట విడివిడిగా పరిచి ఆరబెట్టాక పారెయ్యండి.

* ఇల్లు తీసెయ్యక తప్పకపోతే, విప్పేముందు ప్రతి గదినీ ఫోటో తీసుకోండి. కొలతలు రాసుకోండి. గడపో, గుమ్మమో, ఒక స్తంభమో మీకోసం అట్టేపెట్టమని ముందే చెప్పండి.